అగ్నిమాపక స్ప్రింక్లర్లు: పరీక్షింపదగిన వారెవరు?

(గ్రామ పంచాయతీ సభ్యులకు పాఠము)

స్ప్రింక్లరు అను మాట వినగానే మన రైతు సోదరులకు స్ఫురించునది వేరుసెనగ చేనిలో తిరుగుచు తుంపరలు చల్లు గొట్టము. దానిని బిగించుట, మూతిలో ఇసుక పడినచో విప్పి శుభ్రపరచుట, ఒక మడి నుండి మరియొక మడికి మార్చుట మున్నగు పనులన్నియు రైతు స్వయముగా చేసికొనును. అందు పొరపాటు జరిగినను ఒక తడి తప్పును. అంతకు మించిన ముప్పు లేదు.

అదే పేరు గల మరియొక పరికరము ఇప్పుడు మన గ్రామముల పొలిమేరలలోనికి వచ్చినది. రహదారుల వెంట వెలసిన పెద్ద కల్యాణ మండపములు, ఆసుపత్రులు, గిడ్డంగులు, మిల్లులలో కొన్నింటి కప్పు క్రింద ఎర్రరంగు ఇనుప గొట్టములును, వానికి వరుసగా చిన్న ఇత్తడి హెడ్లును కనుపించును. అవియే అగ్నిమాపక స్ప్రింక్లర్లు. చేనిలోని స్ప్రింక్లరు ప్రతిదినము పని చేయును గనుక దాని లోపము వెంటనే తెలియును. కప్పు క్రింది స్ప్రింక్లరు పదియేండ్లు మౌనముగా వ్రేలాడుచుండును. అది పని చేయవలసినది ఒక్క దినమే. ఆ దినమున చేయనిచో తిరిగి ప్రయత్నించుటకు వ్యవధి యుండదు. కావుననే దానిని ఎవరు ముట్టవచ్చును, ఎవరు పరీక్షింపవచ్చును, ఎవరు బాగున్నదని వ్రాసి యీయవచ్చును అను ప్రశ్న ముఖ్యమైనది.

జనము గుమికూడు మండపములో నిప్పు అంటుకొన్నచో ఏమి జరుగునో మన దేశము చూచియే యున్నది. హర్యానా రాష్ట్రములోని డబ్‌వాలీ అను చిన్న పట్టణమున 1995 డిసెంబరు 23వ తేదీన ఒక కల్యాణ మండపములో పాఠశాల వార్షికోత్సవము జరుగుచుండగా పైనున్న పందిరి అంటుకొని, 400 మందికి పైగా మరణించిరి. వారిలో అనేకులు పిల్లలే. అట్టి మండపములు నేడు మన పంచాయతీల అనుమతితోనే లేచుచున్నవి.

పరికరము పని చేయు విధము

స్ప్రింక్లరును 1874లో అమెరికాలో హెన్రీ పార్మలీ అను పియానోల కర్మాగార యజమాని తన కర్మాగార రక్షణకై రూపొందించెను. తరువాత ఫ్రెడరిక్ గ్రిన్నెల్ దానిని మెరుగుపరచెను. నేటికిని మూల సూత్రమొక్కటియే. గొట్టములలో నీరు ఒత్తిడితో నిండి సిద్ధముగా నుండును. హెడ్డు మూతిని ఒక చిన్న గాజుబుడ్డి మూసి పట్టియుంచును. ఆ బుడ్డిలోని ద్రవము వేడికి వ్యాకోచించి బుడ్డిని పగులగొట్టును. అంతట నీరు కురియును. బుడ్డి రంగును బట్టి అది ఎంత వేడికి పగులునో తెలియును: నారింజ రంగు 57 డిగ్రీలు, ఎరుపు 68, పసుపు 79, ఆకుపచ్చ 93, నీలము 141 డిగ్రీల సెల్సియస్.

ఇచ్చట ఒక అపోహను తొలగించుకొనవలెను. సినిమాలలో చూపునట్లు ఒకచోట పొగ లేవగనే భవనములోని హెడ్లన్నియు ఒక్కసారి కురియవు. సాధారణమైన యేర్పాటులో ఏ హెడ్డుకు వేడి తగిలినదో ఆ హెడ్డు మాత్రమే తెరుచుకొనును. సామాన్య రకపు హెడ్డు ఒకటి, ఒక బారు ఒత్తిడి వద్ద, నిమిషమునకు సుమారు 80 లీటర్ల నీరు కురియును. నిప్పు చిన్నదిగా నున్నపుడే దానిని అణచుటకు తరచుగా ఒకటి రెండు హెడ్లే చాలును.

హెడ్డు వెనుక పెద్ద సంసారమే కలదు. నీటి ట్యాంకు, విద్యుత్ పంపు, విద్యుత్తు పోయినపుడు నడుచు డీజిలు పంపు, గొట్టములలో ఒత్తిడి తగ్గకుండ కాపాడు చిన్న పంపు, నీరు కదలగనే గంట మ్రోగించు అలారం వాల్వు, నీటిని విడుచుటకును ఆపుటకును గల ప్రధాన వాల్వు, ఒత్తిడి చూపు గేజి. వీనిలో ఏ యొక్కటి తప్పినను మిగిలినవి యుండియు ప్రయోజనము లేదు.

ఒకే భవనములో రెండు పాఠములు

1991 ఫిబ్రవరి 23వ తేదీ రాత్రి అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున వన్ మెరిడియన్ ప్లాజా అను 38 అంతస్తుల భవనములో 22వ అంతస్తున అగ్ని పుట్టెను. కొయ్యపనికి వాడిన అవిసెనూనె పీల్చిన గుడ్డలు తమంతట తాము వేడెక్కి అంటుకొనుట దానికి కారణము. మంట పుట్టిన అంతస్తున స్ప్రింక్లర్లు లేవు. అగ్నిమాపక దళము వచ్చి, ప్రతి అంతస్తునను గల నీటి వాల్వులకు తమ గొట్టములను తగిలించెను. కాని ఆ వాల్వులలో ఒత్తిడిని అదుపు చేయు భాగము సరిగా అమర్చబడలేదు. గొట్టములలో చాలినంత ధార రాలేదు. ఆ రాత్రి ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది ప్రాణములు కోల్పోయిరి. అగ్ని అంతస్తు వెంట అంతస్తు ఎక్కుచు 30వ అంతస్తును చేరెను. ఆ అంతస్తులో స్ప్రింక్లర్లు కలవు. పది హెడ్లు తెరుచుకొని, ఎనిమిది అంతస్తులను కాల్చిన మంటను అచ్చటనే నిలిపివేసెను.

మన ఊరి రెండంతస్తుల మండపమునకు ఆ మహాభవనముతో పోలిక యేమని కొందరు అడుగవచ్చును. పోలిక వాల్వులో కలదు. ఆ భవనములో వాల్వు లేకపోలేదు, గొట్టము లేకపోలేదు. వాల్వును అమర్చిన చేయి సరిగా అమర్చలేదు. చూచుటకు తప్పుగా అమర్చిన వాల్వును, సరిగా అమర్చిన వాల్వును ఒకే విధముగా నుండును. తెలిసినవాడు నీరు పారించి, ఒత్తిడి కొలిచి చూచిననే భేదము బయటపడును.

అమెరికా జాతీయ అగ్ని రక్షణ సంఘము 2010 మొదలు 2014 వరకు జరిగిన అగ్నిప్రమాదములను పరిశీలించినది. స్ప్రింక్లర్లు ఉండియు పని చేయని సందర్భములలో నూటికి సుమారు 59 చోట్ల కారణము ఒక్కటియే: ప్రమాదమునకు ముందే ఎవరో యేర్పాటును ఆపివేసియుండుట. పరికరము చెడిపోవుటకంటె మనుష్యుడు నీరు కట్టివేయుటయే పెద్ద కారణమైనది. కావున అర్హత అనగా స్పానరు పట్టు నేర్పు మాత్రమే కాదు. మూసినదానిని తెరచి, తెరచితినని వ్రాసి, దానికి జవాబుదారిగా నిలుచుట కూడ అర్హతలో భాగమే.

నాలుగు పనులు, నలుగురు మనుష్యులు

"స్ప్రింక్లర్లు చూచుకొనుట" అని మనము ఒక్క మాటలో చెప్పునది నిజమునకు నాలుగు వేర్వేరు పనులు. ఒక్కొక్క దానికి ఒక్కొక్క అర్హత కలదు.

మొదటి పని, కంటితో చూచుట. దీనికి పట్టా అక్కరలేదు. మండపము మేనేజరు గాని, కావలివాడు గాని, ఒకపూట శిక్షణ పొందినచో చేయగలడు. ట్యాంకులో నీరు నిండుగా నున్నదా? గేజి ముల్లు ఎప్పటి గుర్తు వద్దనే యున్నదా? ప్రధాన వాల్వు తెరచియుండి, గొలుసుతో తాళము వేయబడియున్నదా? డీజిలు కలదా? హెడ్లకు సున్నము గాని రంగు గాని అంటినదా? పూలమాలలు, సీరియలు దీపములు వానికి కట్టిరా? సరకు బస్తాలు హెడ్డు క్రింద అడుగున్నర జాగా మిగులకుండ పేర్చిరా? ఇవన్నియు చూచి రిజిష్టరులో వ్రాయుట అతని పని. లోపము కనుపించినచో చెప్పవలెనే గాని, తాను వాల్వు త్రిప్పరాదు, హెడ్డు విప్పరాదు.

రెండవ పని, పంపులను నడిపి చూచుట. ఇది ఆ భవనములోనే పని చేయుచు, పంపు గదిని గూర్చి ప్రత్యేక శిక్షణ పొందిన మనిషి చేయవలసినది. అమెరికా ప్రమాణముల ననుసరించి డీజిలు పంపును వారమునకొకసారి 30 నిమిషములు నడుపవలెను. పంపును ఆపిన తరువాత మీటను "ఆటో" స్థానమునందే వదలవలెను. అది "ఆఫ్" స్థానమున నిలిచిపోయినచో నిప్పు వచ్చిన దినమున పంపు తనంతట తాను లేవదు. మన బోరు మోటార్లు నడుపు చేతులకు ఈ పని సులభముగనే తోచును; కాని ఈ యొక్క మీటను మరచుట ప్రాణాంతకము.

మూడవ పని, పరీక్షించుట, బాగు చేయుట, మార్చుట. ఇది స్ప్రింక్లరు పనిలోనే శిక్షణయు అనుభవమును గల సాంకేతికునిది. అతని వెనుక బాధ్యత వహించు సంస్థ ఒకటి యుండవలెను. కొళాయిలు బిగించు ప్లంబరు, వైరింగు చేయు ఎలక్ట్రీషియను, బోరు మెకానిక్కు తమ తమ పనులలో నిపుణులే. కాని ఈ పని వారిది కాదు. కారణములు చూడుడు.

నీరు ఖాళీ చేయకుండ హెడ్డు విప్పినచో ఒత్తిడితో నీరు పైబడును. రంగు పడిన హెడ్డును గీకి శుభ్రపరచరాదు. దానిని తీసి క్రొత్తది వేయవలెను. ఒకసారి విప్పిన హెడ్డును తిరిగి బిగింపరాదు. 68 డిగ్రీల హెడ్డు ఉండవలసినచోట 93 డిగ్రీల హెడ్డు బిగించినచో నీరు ఆలస్యముగా వచ్చును. వంటశాల పొయ్యి పైన తక్కువ డిగ్రీల హెడ్డు బిగించినచో నిప్పు లేకయే పగిలి విందు పాడుచేయును. అగ్గిపుల్ల గీసి హెడ్డు వద్ద పట్టి చూచుట పరీక్ష కాదు, ధ్వంసము. పని చేసిన హెడ్డు మరల పనికి రాదు.

పరీక్ష అనగా నేమో ఒక్క ఉదాహరణముతో తెలిసికొందము. ప్రధాన వాల్వు వద్ద నీరు విడుచుటకు ఒక పెద్ద డ్రెయిను వాల్వు ఉండును. దానిని పూర్తిగా తెరచి నీరు ధారగా పారుచుండగా గేజి ముల్లు ఎచ్చట నిలిచినదో చూతురు. పిమ్మట మూసి, ముల్లు ఎంతసేపటికి పూర్వస్థానమునకు వచ్చినదో చూతురు. తెలియనివాడు "నీరు బాగుగా వచ్చుచున్నది" అని సంతసించును. తెలిసినవాడు పోయిన సంవత్సరపు అంకెతో పోల్చును. నిరుడు నీరు పారునపుడు ముల్లు 4 వద్ద నిలిచి, ఈ యేడు 2 వద్దకు దిగినచో, ఎచ్చటనో ఒక వాల్వు సగము మూసియున్నదనియో, గొట్టములో అడ్డు చేరినదనియో అతడు గ్రహించును. పాత అంకెలు లేనిచో పరీక్షకు అర్థమే లేదు. కావున రిజిష్టరు లేని పరీక్షకుని నమ్మరాదు.

నాలుగవ పని, ధ్రువీకరించుట. ప్రభుత్వ పక్షమున భవనమును తనిఖీ చేసి నిరభ్యంతర పత్రము ఇచ్చు అధికారము అగ్నిమాపక శాఖది. 1999లో ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ శాసనసభ చేసిన అగ్నిమాపక సేవా చట్టము ఎత్తయిన భవనములకును, జనము గుమికూడు భవనములకును ఈ పద్ధతిని నిర్దేశించినది. ఆ అధికారి గొట్టములు బాగు చేయుటకు రాడు; బాగుగా నున్నవా లేవా అని చూచుటకు వచ్చును. బీమా సంస్థ పరిశీలకుడు తన సంస్థ ప్రయోజనమునకై చూచును. అతని కాగితము శాఖవారి పత్రమునకు బదులు కాజాలదు. పరికరము అమ్మిన వర్తకుడు ఇచ్చిన గ్యారంటీ కాగితమును అట్లే.

అర్హతను గుర్తించుట యెట్లు?

అగ్నిమాపక సేవ మన దేశములో రాష్ట్రముల బాధ్యత. కావున పద్ధతులు రాష్ట్రమును బట్టి మారును. మహారాష్ట్ర 2006లో చేసిన చట్టము ప్రకారము ఇట్టి పనులు లైసెన్సు పొందిన సంస్థలే చేయవలెను. యేర్పాటులు మంచి స్థితిలో నున్నవని అట్టి సంస్థ యేటా జనవరి, జులై నెలలలో ధ్రువపత్రము ఈయవలెను. అమెరికాలో తనిఖీ, పరీక్ష, సంరక్షణలకు 25వ సంఖ్య గల ప్రత్యేక ప్రమాణమే కలదు. సాంకేతికులకు అంచెలంచెలుగా పరీక్షలు పెట్టి యోగ్యతాపత్రము లిచ్చు సంస్థయు కలదు.

మన దేశమున భారత ప్రమాణముల సంస్థవారి 15105 సంఖ్య గల ప్రమాణము స్ప్రింక్లర్ల రూపకల్పనకును, అమరికకును ఆధారము. హెడ్లకు 9972 సంఖ్య గల ప్రమాణము కలదు. 2016 నాటి జాతీయ భవన నిర్మాణ స్మృతిలోని నాలుగవ భాగము అగ్ని నుండి రక్షణను గూర్చినదే. అగ్నిమాపక విద్యకు నాగపూరులో జాతీయ కళాశాల కలదు. మీ యెదుటికి వచ్చిన సాంకేతికుని ఈ క్రింది విషయములు అడుగుడు: స్ప్రింక్లరు పనిలో ఎచ్చట శిక్షణ పొందెను? ఎన్ని యేండ్ల అనుభవము? ఏ సంస్థ పక్షమున వచ్చెను? ఈ భవనపు గొట్టముల నకాసును చూచెనా? పరీక్షకు ఏ ప్రమాణమును అనుసరించును? కొలిచిన అంకెలు వ్రాసి సంతకము చేయునా? ఈ ప్రశ్నలకు విసుగుకొనువాడు ఆ పనికి తగడు. సంశయమున్నచో దగ్గరి అగ్నిమాపక కేంద్రమునకు వెళ్లి, మన రాష్ట్రమున అమలులో నున్న నిబంధనల ప్రకారము ఎట్టి సంస్థ అంగీకారయోగ్యమో విచారించి తెలిసికొనుడు.

ఒక ఊహాచిత్రము

ఒక గ్రామములోని కల్యాణ మండపమును ఊహింతము. పెండ్లికి రెండు దినములు ముందు ఒక హెడ్డు నుండి చుక్క చుక్కగా నీరు కారసాగినది. యజమాని సమీపమున నున్న పంపుల మెకానిక్కును పిలిచెను. "ఏమి బాబాయీ, పెండ్లివారి తివాచీ తడిసిపోవుచున్నది, ఏదైన చూడవయ్యా" అనెను. ఆతడు మంచివాడు, సహాయము చేయవలెననియే వచ్చెను. ప్రధాన వాల్వు మూసెను. కారుట ఆగెను. పెండ్లి వైభవముగా జరిగెను. డబ్బు పుచ్చుకొని మెకానిక్కు వెళ్లెను. వాల్వు మూసియున్న సంగతి ఎవ్వరికిని జ్ఞప్తి లేదు. ఆ సంవత్సరము అచ్చట ఇంకను ఎన్ని పెండ్లిండ్లు జరిగినవో, ఎంతమంది పసిపిల్లలు ఆ యెర్రగొట్టముల క్రింద నిద్రించిరో! గొట్టములు కలవు, హెడ్లు కలవు. నీరు మాత్రము లేదు.

ఇందు దుర్మార్గులెవ్వరును లేరు. తెలియని చేయి ఒకటి, అడుగని యజమాని ఒకడు, అంతే. తెలిసిన సాంకేతికుడు వచ్చియుండినచో వాల్వు మూయుటకు ముందు మేనేజరునకు చెప్పియుండును. "నీరు కట్టబడినది" అను చీటీ వాల్వునకు కట్టియుండును. నీరు లేనంతకాలము భవనమున కాపలా తిరుగ మనిషిని పెట్టుమని కోరియుండును. హెడ్డు మార్చి, వాల్వు తెరచి, డ్రెయిను పరీక్ష చేసి, ముల్లు స్థానము వ్రాసి సంతకము చేసియుండును. అందుకు అర్ధదినము పట్టవచ్చును.

పంచాయతీ చేయదగినవి

పంచాయతీ సభ్యులు స్వయముగా వాల్వులు త్రిప్పి చూచుట తగదు. వారి ఆయుధము ప్రశ్న. భవన నిర్మాణమునకు అనుమతి కోరివచ్చిన దినముననే అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రము అవసరమా అని విచారించి, అవసరమైనచో దానిని చూపుమని అడుగవలెను. స్ప్రింక్లర్లు గల భవనముల జాబితా ఒకటి పంచాయతీ కార్యాలయమున నుంచుకొనవలెను. ప్రతి భవనమునకును ఆరు విషయములు అందు వ్రాయవలెను: పత్రము సంఖ్య, తేదీ, సంరక్షణ ఒప్పందము ఏ సంస్థతో, చివరి పరీక్ష తేదీ, కొలిచిన ఒత్తిడి, ప్రధాన వాల్వు తాళపుచెవి ఎవరి వద్ద. ఈ ఆరింటిలో ఏ యొక్కటి ఖాళీగా నున్నను యజమానికి వ్రాతమూలముగా తెలియజేయవలెను. జవాబు రానిచో అగ్నిమాపక అధికారికి వ్రాయవలెను.

ఏటేటా ఏప్రిలు 14 మొదలు 20 వరకు దేశమంతట అగ్నిమాపక వారోత్సవము జరుగును. 1944 ఏప్రిలు 14న బొంబాయి రేవులో జరిగిన ప్రేలుడులో ప్రాణములర్పించిన అగ్నిమాపక సిబ్బంది స్మృత్యర్థము ఆ తేదీ నిర్ణయింపబడినది. ఆ వారములో ఆ జాబితాను సభలో చదివి, స్థానిక అగ్నిమాపక అధికారిని ఆహ్వానించి, మండపముల యజమానులకును కావలివారికిని మొదటి పనిలో శిక్షణ ఇప్పించుట మంచి ఆచారము. ఎన్ని పరికరములున్నను నిప్పు కనుపించగనే జనమును వెలుపలికి పంపి 101కి ఫోను చేయవలెనను మాట అచ్చట అందరికిని నేర్పవలెను.

రైతు పైరును ఎవరి చేతికైనను అప్పగింపడు. ఎరువు వేయుటకు తెలిసిన చేయి, మందు చల్లుటకు తెలిసిన చేయి కావలెననును. వందలాది మంది తలలపై నుండు గొట్టముల విషయమున మనము అంతకు తక్కువ శ్రద్ధ చూపుట న్యాయము కాదు. చూచువాడు చూడవలెను, నడుపువాడు నడుపవలెను, తెలిసినవాడే పరీక్షింపవలెను, అధికారి ధ్రువీకరింపవలెను, పంచాయతీ అడుగవలెను.

చర్చకు ప్రశ్నలు

1. మీ పంచాయతీ హద్దులలో స్ప్రింక్లర్లు గల భవనములు ఎన్ని? వాని ప్రధాన వాల్వు తాళపుచెవి ఎవరి వద్ద నున్నది?

2. కావలివాడు చేయదగిన పని ఏది? చేయరాని పని ఏది?

3. డ్రెయిను పరీక్షలో నిరుటి అంకె ఏల కావలెను?

4. వాల్వు మూయవలసి వచ్చినపుడు ముందుగా ఎవరికి చెప్పవలెను? నీరు తిరిగి విడుచువరకు భవనమున ఏమి చేయవలెను?

5. వర్తకుని గ్యారంటీ కాగితమునకును, అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రమునకును భేదమేమి?